లండన్‌లో కాంటెంపరరీ ఆర్ట్ చూడాలంటే ఈస్ట్ హామ్ నుంచి ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈస్ట్‌హామ్_వాసి:

నమస్కారం అండి. ఈస్ట్ హామ్‌లో ఉంటున్నాం, ఆరేళ్ళ పాప ఉంది. సెలవు రోజంటే హై స్ట్రీట్ నార్త్‌లో కూరగాయలు, మహాలక్ష్మి గుడి, ఒక దోసె, మళ్ళీ ఇల్లు. ఇంత పెద్ద ఊళ్ళో ఉండి ఊరు చూడటం లేదనిపిస్తోంది. ఇప్పటి ఆర్ట్ మీద ఆసక్తి ఉంది గానీ నాలుగు విషయాల్లో సందేహం.

టేట్ మోడర్న్ మ్యూజియం ఒక్కటేనా, మన వైపు దగ్గర్లో ఇంకేమైనా ఉన్నాయా? టికెట్లు, ట్యూబు ఛార్జీలు కలిపితే ముగ్గురికి ఎంత తేలుతుంది, ఎక్కడ తగ్గించుకోవచ్చు? నేల మీద ఇటుకలు పేర్చి ఆర్ట్ అంటే దాన్ని ఎలా చూడాలి, అసలు చూడటానికి ఒక పద్ధతంటూ ఉందా? ఆఖరిది, ఆర్ట్ ఒక్కటే కాకుండా చుట్టుపక్కల బజారు, తిండి కూడా కలిసొచ్చే దారి ఏదైనా ఉంటే చెప్పండి. గూగుల్ మ్యాప్‌లో రేటింగులు కాదు, వెళ్ళే పద్ధతి కావాలి.

రెండో_జోన్:

ఈస్ట్ హామ్ స్టేషన్‌లోనే మొదలుపెట్టండి, ఉత్తినే అనడం లేదు. 2013లో ట్యూబుకి 150 ఏళ్ళు నిండినప్పుడు మార్క్ వాలింజర్ అనే ఆర్టిస్టు అప్పట్లో ఉన్న 270 స్టేషన్లకూ తలా ఒక లాబిరింత్ చేసిచ్చాడు. చదరపు ఎనామెల్ పలక మీద నలుపు తెలుపు చుట్లు, లోపలికి దారి మొదలయ్యే చోట ఎర్రటి ఇంటూ గుర్తు, మూలన చేత్తో రాసినట్టుండే నంబరు. ఏ రెండు స్టేషన్ల డిజైనూ ఒకటి కాదు. వేలితో తడమడానికే చేసినవి కాబట్టి పాప చేత తడిమించండి. దారి ఒక్కటే, చీలికలు ఉండవు, అభిమన్యుడి కష్టాలు పడక్కర్లేదు. ఆ రోజు దిగిన ప్రతి స్టేషన్‌లోనూ దాన్ని వెతికే పని పాపకు అప్పగిస్తే సగం విసుగు పోతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: ఇవి ట్యూబు స్టేషన్లకు చేసినవి. ఓవర్‌గ్రౌండ్ (నేల మీది రైలు) మాత్రమే ఆగే చోట వెతికి లాభం లేదు.

ఇక ఛార్జీలు. వైట్‌చాపెల్ గ్యాలరీ ఆల్డ్‌గేట్ ఈస్ట్ స్టేషన్‌ని ఆనుకునే ఉంటుంది గనక అందరూ అక్కడ దిగుతారు. ఆల్డ్‌గేట్ ఈస్ట్ ఒకటో జోన్, అంటే ఛార్జీ ఎక్కువుండే నడిబొడ్డు. దానికి ఒక్క స్టాపు ముందున్న వైట్‌చాపెల్ రెండో జోన్. అక్కడే దిగి రోడ్డు వెంట పది పన్నెండు నిమిషాలు నడిస్తే ఒకటో జోన్ ఛార్జీ తప్పుతుంది. ఆ నడక వృథా కూడా కాదు, అదెందుకో కింద చెప్తాను. పాపకు పదకొండేళ్ళు నిండేదాకా ట్యూబూ బస్సూ ఉచితం. వెడల్పు గేటులోంచి మీతోపాటే తీసుకెళ్ళండి, విడిగా కార్డు అక్కర్లేదు. తొందర లేకపోతే 115 బస్సు ఈస్ట్ హామ్ నుంచి ఆల్డ్‌గేట్ దాకా నేరుగా పోతుంది. 2025లో టికెట్ 1.75 పౌండ్లు. మొదటి బస్సు ఎక్కిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా అదే టికెట్. ట్రాఫిక్ ఉంటే మాత్రం ఆ గంట 115లోనే అయిపోతుంది.

డబ్బులు పోయే అసలు చోటు వేరే ఉంది. లోపలికి వెళ్ళేటప్పుడు ఫోను చూపించి, బయటికి వచ్చేటప్పుడు అదే బ్యాంకు కార్డు పర్సులోంచి తీసి ఆనిస్తే సిస్టమ్ లెక్కలో అవి రెండు వేర్వేరు కార్డులు. రెండు ప్రయాణాలూ అసంపూర్ణం కింద పడి రెండింటికీ గరిష్ఠ ఛార్జీ పడుతుంది. దేనితో వెళ్ళారో దానితోనే రండి. ఇద్దరు పెద్దవాళ్ళు ఒకే కార్డు మీద వెళ్ళడమూ కుదరదు.

వైట్‌చాపెల్‌లో దిగగానే స్టేషన్ పేరు బెంగాలీలో కూడా కనిపిస్తుంది, 2022లో పెట్టారు. ఎలిజబెత్ లైన్ ప్లాట్‌ఫారం మీదికి ఒకసారి దిగి చూడండి: షాంటాల్ జోఫ్ చేసిన మనుషుల బొమ్మలు గోడల మీద ఉంటాయి. అల్యూమినియం రేకు కత్తిరించి అతికించినవి, ఒక ఆదివారం మధ్యాహ్నం వైట్‌చాపెల్‌లో కనిపించినవాళ్ళ బొమ్మలు. పైకొచ్చాక బజారు రాయల్ లండన్ ఆసుపత్రికి ఎదురుగా రోడ్డు పొడుగునా ఉంటుంది. సొరకాయ, చేమకాడలు, నాగా మిరప, చీర పక్కన మొబైల్ కవర్లు. ఇక్కడి బంగ్లాదేశీ కొట్ల ఫ్రీజర్లలో ఇలిష్ దొరుకుతుంది, అంటే మన పులస జాతే. చేప మొత్తంగా తూచి, ఎంత మందం ముక్కలు కావాలో అడిగి రంపం మీద కోసిస్తారు. కాకపోతే చేప తిరుగు ప్రయాణంలో కొనండి. చేపల సంచీతో గ్యాలరీలోకి రానిచ్చే క్లోక్‌రూమ్ ఇంకా పుట్టలేదు. ఇంకో విషయం, ఈ బజారు ఆదివారం ఉండదు. బ్రిక్ లేన్ బజారేమో ఆదివారమే జోరు. ఏది కావాలో తేల్చుకుని రోజు ఎంచుకోండి.

దారిలో ఎడమ చేతి వైపు ఆల్తాబ్ అలీ పార్కు వస్తుంది. 1978 మే 4న జాతి ద్వేషానికి బలైన దుస్తుల కార్ఖానా కార్మికుడి పేరు అది. లోపల ఢాకాలోని షహీద్ మినార్‌కి (బెంగాలీ భాషోద్యమ అమరుల స్మారకం) చిన్న నమూనా ఉంది. అయిదు నిమిషాలు ఆగండి, తర్వాత చూడబోయే గ్యాలరీ ఏ పేటలో ఉందో తెలుస్తుంది.

గ్యాలరీ 1901 నుంచి ఉంది. పికాసో యుద్ధ చిత్రం గుయెర్నికాను 1939లో ఇక్కడ, తూర్పు లండన్ కార్మికుల మధ్య చూపించారు. లోపలికి వెళ్ళేముందు రోడ్డు దాటి అటు నిలబడి తలెత్తి చూడండి: గోడ పైభాగంలో బంగారు పూత ఆకులు గుంపులు గుంపులుగా ఉంటాయి. అవి రేచెల్ వైట్‌రెడ్ 2012లో చేసినవి. వాటి మధ్య ఉన్న కిటికీలలాంటివి కిటికీలు కావు, కిటికీల అచ్చులు. కింద నడిచేవాళ్ళలో పదిమందికి ఒకరు కూడా చూడరు. సోమవారం సెలవు, గురువారం రాత్రి 9 దాకా. కొన్ని షోలకు టికెట్ ఉంటుంది, కొన్ని గదులు ఎప్పుడూ ఉచితం. వెళ్ళేరోజు వెబ్‌సైటు చూసుకోండి.

గోడ_బొమ్మ:

పైవారు చెప్పిన దాని తర్వాత బ్రిక్ లేన్ అయిదు నిమిషాల నడక. అక్కడ ఫోర్నియర్ స్ట్రీట్ మూల మీద 59వ నంబరు భవనం ముందు నిలబడండి. ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన హ్యూగనోలు (ప్రొటెస్టంట్లు) 1743లో కట్టుకున్న చర్చి, తర్వాత మెథడిస్టు ప్రార్థనాలయం, 19వ శతాబ్దం చివర యూదుల సినగాగ్, 1976 నుంచి మసీదు. ఫోర్నియర్ స్ట్రీట్ వైపు గోడ మీద ఎత్తున నీడ గడియారం, దాని మీద 1743 అని తేదీ ఇంకా ఉంది. పక్కన మెరిసే స్టీలు స్తంభం ఈ మధ్యది. ఈ ఒక్క గోడ చూస్తే ఆ వీధి సంగతి సగం తెలిసినట్టే. గైడెడ్ టూరుకు డబ్బు కట్టనక్కర్లేదు.

ప్రిన్స్‌లెట్ స్ట్రీట్ మూలన స్టిక్ అనే ఆర్టిస్టు 2010లో వేసిన బొమ్మ: నిఖాబ్ వేసుకున్న మనిషీ, పక్కన ఇంకో మనిషీ చెయ్యి చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. స్టిక్ మనుషులకు ఆరు గీతలూ రెండు చుక్కలే. దగ్గరికెళ్ళి కళ్ళు చూడండి. రెండు చుక్కల్ని ఏ పక్కకు జరిపాడన్న దాన్ని బట్టే వాళ్ళు ఎటు చూస్తున్నారో, జంకుతున్నారో లేదో తెలిసిపోతుంది. మీ పాప ఇంటికొచ్చి వెంటనే వేసేయగలదు.

మిగతా బొమ్మల జాబితా ఇవ్వను, ఈ నెల ఉన్నది వచ్చే నెల ఉండదు. స్ప్రే పెయింట్ మీద స్ప్రే పెయింట్, ఎవరూ ఎవర్నీ అడగరు. కొత్తవాళ్ళు మోసపోయేది ఒక్క దాంట్లోనే: గోడ నిండా అంచు నుంచి అంచు దాకా నున్నగా, ఒక్క చుక్క కారకుండా, కింద ఎవరి సంతకమూ లేకుండా పెద్ద బొమ్మ కనిపిస్తే చాలాసార్లు అది చేత్తో వేసిన ప్రకటన. మూలల్లో హ్యాష్‌ట్యాగో, బూటో, సీసానో ఉంటుంది. అసలు సరుకు చిన్న సందుల్లో, స్క్లేటర్ స్ట్రీట్ వైపు, షట్టర్ల మీద ఉంటుంది. షట్టర్ మీది బొమ్మలు చూడాలంటే కొట్లు తెరవకముందే, పొద్దున్న పది లోపు వెళ్ళాలి.

తిండి విషయం. కర్రీ హౌస్‌ల ముందు నిలబడి పిలిచేవాళ్ళకు మొహమాటపడకండి. వీధికి ఉత్తరం కొసన యూదుల బేగల్ దుకాణం ఉంది, 24 గంటలూ తెరిచే ఉంటుంది. బేగల్‌ను కాల్చేముందు నీళ్ళలో ఉడికిస్తారు, అందుకే పైన గట్టి పొర, లోపల సాగుడు. అక్కడి పేరుమోసిన సాల్ట్ బీఫ్ గొడ్డు మాంసమే, తినని వాళ్ళు క్రీమ్ చీజ్ అడగండి. క్యూ వేగంగా కదులుతుంది. మీ వంతు వచ్చాక బోర్డు చదవడం మొదలుపెడితే కౌంటర్ వెనక ఉన్నావిడ కసురుతుంది. అందరినీ కసురుతుంది లెండి.

తెల్ల_గది:

దారి బాగుంది గానీ రెండో_జోన్ గారి మాటకు కాస్త అడ్డొస్తాను. బజారు, పార్కు, గ్యాలరీ, బ్రిక్ లేన్ అన్నీ ఒకే రోజు ఆరేళ్ళ పిల్లతో అంటే గ్యాలరీకి చేరేసరికి ఎవరి ఒంట్లోనూ ఓపిక ఉండదు. కళ్ళు చూస్తుంటాయి, బుర్రలోకి పోదు. ముందు గ్యాలరీ, ఆ తర్వాతే ఏదైనా.

ఇటుకల సంగతి అడిగారు కదా, దాంతోనే చెప్తాను. అది కార్ల్ ఆండ్రే 1966 నాటి పని, ‘ఈక్వివలెంట్ 8’. టేట్ 1972లో కొంది, 1976లో పత్రికలు ప్రజల డబ్బుతో ఇటుకలు కొన్నారని గోల చేశాయి. 120 ఇటుకలు, వెడల్పుకు ఆరు, పొడవుకు పది, ఎత్తుకు రెండు వరుసలు. సిమెంటు లేదు, ఊరికే పేర్చినవి. పేరులో 8 ఎందుకంటే అలాంటివి ఎనిమిది చేశాడు. ప్రతి దాంట్లోనూ 120 ఇటుకలే, ఆకారం మాత్రం వేరు. సరుకు అంతే, పరిమాణం అంతే, గదిలో ఆక్రమించే తీరు మారుతుంది. పీఠం లేదు, మోకాలి కంటే కిందే ఉంటుంది, కాబట్టి ఎదురుగా నిలబడి చూస్తే ఏమీ కనిపించదు. చుట్టూ నడవాలి, ఒక మూల దగ్గర కూర్చుని నేల మట్టానికి చూడాలి. ఇంత చేశాక కూడా నచ్చకపోతే నచ్చలేదనే అనండి, దాంట్లో తప్పేం లేదు. అది ఎప్పుడూ ప్రదర్శనలో ఉండదు, వెబ్‌సైటులో ‘ఆన్ డిస్‌ప్లే’ అని ఉందో లేదో చూసుకుని బయల్దేరండి.

చూసే పద్ధతంటే ఇంతే: గదిలోకి వెళ్ళగానే గోడ మీద కాయితం చదవకండి. ముందు వస్తువు. తర్వాత చిన్న లేబుల్‌లో మూడో నాలుగో లైను, అంటే దేంతో చేశారో చెప్పే లైను. ఇత్తడి, జనపనార, కొబ్బరి పీచు, వీడియో, దొరికిన వస్తువులు. సగం సమాధానం అక్కడే ఉంటుంది. ఆ తర్వాత, కావాలంటే, గోడ మీది వ్యాసం. అది చాలాసార్లు రాసినవాళ్ళకే అర్థం కాదు, మీరు కంగారు పడకండి. ఒక అంతస్తు చాలు, నాలుగైదు పనులు చాలు, ఒక్కోదానికీ పది నిమిషాలు. గంటన్నర దాటితే కాఫీ.

ఆర్ట్ చరిత్ర చదువుకోలేదని వెనకాడేవాళ్ళకు ఒక ఉదాహరణ. బ్రిటన్‌లో ఇప్పటి ఆర్ట్‌కి ఇచ్చే టర్నర్ ప్రైజ్ 2024లో జస్లీన్ కౌర్‌కి వచ్చింది, గ్లాస్గోలో పుట్టిన సిక్కు అమ్మాయి. టేట్ బ్రిటన్‌లో పెట్టిన ఆ షోలో ఎర్రటి ఫోర్డ్ ఎస్కార్ట్ కారు మీద కారంత పెద్ద లేసు గుడ్డ కప్పి ఉంది, ఇంకోచోట తనంతట తానే మోగే హార్మోనియం. టీవీ మీద, ఫ్రిజ్ మీద క్రోషా గుడ్డ పరిచే ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఆ కారు మీది గుడ్డ ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. విమర్శకులు పుటలు రాసింది దాని గురించే.

వీడియో ఉన్న గదికి వెళ్తే ముందు గుమ్మం పక్కన నిడివి చూడండి. 12 నిమిషాలైతే మొదటికి వచ్చేదాకా కూర్చోండి, గంటన్నరైతే పావుగంట చూసి లేచిపోయినా ఎవరూ ఏమనుకోరు. సినిమా అనుకుని మధ్యలో వచ్చామని బాధపడేవాళ్ళే ఎక్కువ. అవి లూపులో తిరుగుతూనే ఉంటాయి. మూలన కుర్చీలో కూర్చునే గ్యాలరీ అసిస్టెంట్లను అడగండి, చాలామంది ఆర్ట్ చదువుకున్నవాళ్ళే. రోజంతా ‘బాత్రూమ్ ఎక్కడ’ తప్ప వేరే ప్రశ్న వినరు పాపం. ‘ఇది ఎలా నిలబెట్టారు?’ అని అడిగితే పది నిమిషాలు చెప్తారు.

టేట్ మోడర్న్‌కి మీ డిస్ట్రిక్ట్ లైనే. బ్లాక్‌ఫ్రయర్స్‌లో దిగి వంతెన దాటొచ్చు. నేనైతే మాన్షన్ హౌస్‌లో దిగి, సెయింట్ పాల్స్ పక్కనుంచి మిలీనియం బ్రిడ్జి మీదుగా వెళ్ళమంటాను. బ్రిడ్జి మీద అందరూ నదిని ఫొటో తీస్తుంటారు, మీరు కిందకు చూడండి. అల్యూమినియం నేల గాళ్ళలో ఎండిపోయిన చూయింగ్ గమ్ముల మీద గోటి సైజు రంగుల బొమ్మలు కనిపిస్తాయి. బెన్ విల్సన్ అనే ఆయన ఏళ్ళ తరబడి అక్కడ బోర్లా పడుకుని వేసినవి. పాపల ఎత్తు నుంచి ఇంకా బాగా కనిపిస్తాయి.

టేట్ లోపల టర్బైన్ హాల్ పాత కరెంటు కేంద్రం, 152 మీటర్ల పొడుగు. ప్రస్తుతం అక్కడ ఏది ఉన్నా సరే, నేల మీద పొడుగునా ఒక అతుకు గీత వెతకండి. 2007లో డోరిస్ సాల్సెడో నేలను చీల్చినట్టు పెద్ద పగులు చేసింది. వలస వచ్చినవాళ్ళకూ స్థానికులకూ మధ్య ఉండే పగులు గురించి. షో అయ్యాక సిమెంటుతో పూడ్చారు, మచ్చ మాత్రం పోలేదు. శాశ్వత సేకరణ మొత్తం ఉచితం. టికెట్ ఉన్న షోలకు 12 ఏళ్ళలోపు పిల్లలు ఉచితం, తల్లికో తండ్రికో ఇద్దరు పిల్లల చొప్పున. 16 నుంచి 25 ఏళ్ళ వాళ్ళెవరైనా ఇంట్లో ఉంటే టేట్ కలెక్టివ్‌లో పేరు రాసుకోమనండి, చేరడానికి డబ్బు లేదు, షో టికెట్ 5 పౌండ్లకే వస్తుంది. విద్యార్థులు చాలామందికి ఇది తెలియక పూర్తి డబ్బు కడుతున్నారు.

కమర్షియల్ గ్యాలరీల గురించి ఒక్క మాట. బర్మండ్సీ స్ట్రీట్‌లో వైట్ క్యూబ్, బెల్ స్ట్రీట్‌లో లిస్సన్ లాంటివి అమ్మకపు గ్యాలరీలు, టికెట్ అనేదే లేదు. తలుపు మూసి ఉంటుంది, తొయ్యండి. కొనమని ఎవరూ అడగరు. డెస్క్ దగ్గర పనుల జాబితా అడిగి తీసుకోండి. ఆది, సోమవారాల్లో చాలావరకు మూసేస్తారు, ఆగస్టులోనూ క్రిస్మస్ తర్వాతా ఇంకా ఎక్కువ. చిన్న గ్యాలరీలన్నిటికీ ఒక షోకీ ఇంకో షోకీ మధ్య ఒకటి నుంచి మూడు వారాలు తాళం పడుతుంది, గోడలకు రంగులేసి కొత్తవి బిగించడానికి. గూగుల్‌లో మాత్రం ‘ఓపెన్’ అనే ఉంటుంది. గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళందరూ దీనికే బలి. ప్రతి నెలా మొదటి గురువారం తూర్పు లండన్ గ్యాలరీలు కొన్ని రాత్రి 9 దాకా తెరిచి ఉంచుతాయి. ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళొచ్చు.

కలంకారీ_కొంగు:

బజారూ ఆర్టూ కలిసొచ్చే దారి అడిగారు. అందుకు పెకమ్‌ని మించింది లేదు, ఎవరూ చెప్పలేదేంటి?

వైట్‌చాపెల్ నుంచే ఓవర్‌గ్రౌండ్ విండ్‌రష్ లైన్, దక్షిణం వైపు బండి. బోర్డు మీద క్లాపమ్ జంక్షన్ అని ఉన్నదే ఎక్కాలి, అదే పెకమ్ రైకి పోతుంది. న్యూ క్రాస్, క్రిస్టల్ ప్యాలెస్, వెస్ట్ క్రోయిడన్ బండ్లు సర్రీ కీస్ తర్వాత వేరే దారి పడతాయి. పొరపాటున ఎక్కితే సర్రీ కీస్‌లోనే దిగి మారండి. దారి మొత్తం రెండో జోనే. అదే ఉత్తరం వైపు ఎక్కితే తర్వాతి స్టాపు షోర్‌డిచ్ హై స్ట్రీట్ ఒకటో జోన్, చెప్పాపెట్టకుండా ఛార్జీ పెరిగిపోతుంది. వాపింగ్, రోథర్‌హైత్ మధ్య థేమ్స్ కింద వెళ్ళే సొరంగం 1843లో తెరిచినది, కిటికీలోంచి చూడటానికి ఏమీ ఉండదనుకోండి.

పెకమ్ రై స్టేషన్ బయట రై లేన్. నైజీరియా, ఘానా కొట్లు. పెండలం దుంపలు మనిషి తొడంత, బెండకాయలు, ఎండు చేపలు, అరటి. ఈ అరటి మన కూర అరటి కాదు, ప్లాంటెన్. వేపుడుకి కావాలంటే పూర్తి ఆకుపచ్చవి తీసుకోండి, తొక్క మందం కాబట్టి నిలువుగా గాటు పెట్టి ఒలవాలి. పసుపు మీద నల్ల మచ్చలున్నవి తియ్యగా అవుతాయి, అవి అలాగే నూనెలో వేయించుకునేవి. స్కాచ్ బానెట్ మిరప బుజ్జిగా లాంతరులా ముద్దొస్తుంది. గుంటూరు సన్నం 35-40 వేల స్కోవిల్ (కారం కొలత) అయితే ఇది లక్ష నుంచి మూడున్నర లక్షలు. నాలుగు పచ్చిమిరపకాయల చోట పావు కాయ వేసి చూడండి.

ఇక నా ఇష్టమైన సంగతి, బట్ట. రై లేన్‌లో ఆఫ్రికన్ వ్యాక్స్ ప్రింట్ కొట్ల ముందు తానులు నిలబెట్టి ఉంటాయి. ఆరు గజాల మడతలుగా అమ్ముతారు, చీర కొలతే. ఈ బట్ట ఆఫ్రికాదని అందరూ అనుకుంటారు. జావా బాతిక్‌ను (మైనం అద్దకం) యంత్రం మీద తీయబోయి డచ్చి మిల్లులు కనిపెట్టిన సరుకు ఇది. వ్లిస్కో కంపెనీ 1846లో మొదలైంది. జావాలో ఆడలేదు, పశ్చిమ ఆఫ్రికాలో ఆడింది. ఇంకాస్త వెనక్కి పోతే 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టి మన అద్దకం బట్టను ఆ దీవులకే పంపి మిరియాలు, లవంగాలు కొన్నారు. ఇంతా ఎందుకు చెప్తున్నానంటే, యింకా షోనిబారె అనే లండన్-నైజీరియన్ ఆర్టిస్టు పనంతా ఈ బట్ట మీదే. 2010లో ట్రఫాల్గర్ స్క్వేర్ నాలుగో దిమ్మె మీద పెట్టిన ‘సీసాలో ఓడ’ నెల్సన్ ఓడకు 30వ వంతు నమూనా, 37 తెరచాపలూ వ్యాక్స్ బట్ట తరహావే. ఇప్పుడది గ్రీనిచ్‌లో నేషనల్ మారిటైమ్ మ్యూజియం బయట ఉంది, చూడటానికి డబ్బక్కర్లేదు. రై లేన్‌లో బట్ట వేళ్ళతో తడిమాక చూస్తే ఆ తెరచాపలు వేరేగా కనిపిస్తాయి.

అసలు వ్యాక్స్ గుర్తుపట్టడం సులువు. తిరగేసి చూడండి: రెండు వైపులా రంగు ఒకేలా ఉండాలి, ఎందుకంటే రెసిన్‌ని రెండు పక్కలా పట్టించి అద్దుతారు. రంగు మధ్యలో సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్ళు ఉండాలి, అవి రెసిన్ చిట్లిన చోట నీలి దూరినవి. ఏ రెండు గజాల్లోనూ పగుళ్ళు ఒకేలా ఉండవు. వెనక వైపు వెలిసినట్టుంటే అది ఒంటి వైపు ప్రింటు, ధర కూడా తక్కువే ఉండాలి. గంజి బిరుసు ఎక్కువ. కత్తిరించే ముందు చన్నీళ్ళలో విడిగా ఒకసారి ఉతికి ఆరేయండి, లేకపోతే కుట్టించాక కురచవుతుంది.

అక్కడి నుంచి సౌత్ లండన్ గ్యాలరీ పావుగంట నడక. ఉచితం, సోమవారం సెలవు. రోడ్డుకవతల పాత ఫైర్ స్టేషన్ కూడా వాళ్ళదే, 2018లో తెరిచారు. ఒక్క టికెట్ లేకుండా రెండు భవనాలు. వెనక గబ్రియేల్ ఒరోస్కో చేసిన రాళ్ళ తోట శనాదివారాలే తెరుస్తారు. వేసవిలో అయితే రై లేన్ పక్కనే బహుళ అంతస్తుల కార్ పార్క్ పైభాగంలో బోల్డ్ టెండెన్సీస్ అనే ఆర్ట్ ప్రదర్శన ఉంటుంది. గాఢ గులాబీ రంగు మెట్లెక్కి పైకి పోవాలి. ఆర్ట్ చూడటం ఉచితం, కచేరీలకు టికెట్. చలికాలంలో వెళ్తే మూసి ఉంటుంది.

బట్టల మీద నిజంగా మనసుంటే ఇంకోటి. హ్యాక్నీ విక్ దగ్గర వీ అండ్ ఏ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం) ఈస్ట్ స్టోర్‌హౌస్ 2025 మే 31న తెరిచారు, ఉచితం. స్ట్రాట్‌ఫర్డ్ నుంచి మిల్డ్‌మే లైన్‌లో ఒక్క స్టాపు. అది మ్యూజియం గోదాము, మీరే వస్తువు కోరుకుంటే తెచ్చి బల్ల మీద పెడతారు. ఒకసారికి అయిదు వస్తువుల దాకా, కనీసం రెండు వారాల ముందు ఆన్‌లైన్‌లో బుక్ చెయ్యాలి. కోరమండల్ అద్దకం బట్టలు వాళ్ళ దగ్గర చాలా ఉన్నాయి. వెతికేటప్పుడు ‘మచిలీపట్నం’ కొడితే తక్కువే వస్తాయి. కంపెనీ కాలపు స్పెల్లింగు ‘మసూలిపటం’ అనీ, ‘కోరమండల్ కోస్ట్’ అనీ విడివిడిగా కొట్టండి. ఆ సమయంలో వేరే చోట ప్రదర్శనలో ఉన్నవీ, మరీ నలిగినవీ ఇవ్వరు, కాబట్టి రెండు మూడు అదనంగా గుర్తుపెట్టుకోండి.

ఈస్ట్‌హామ్_వాసి:

అందరికీ ధన్యవాదాలండి. మొదట వైట్‌చాపెల్, తర్వాత పెకమ్ అనుకుంటున్నాం. వచ్చే నెల మా అత్తయ్యగారు వస్తున్నారు, ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేరు. చీరలూ బట్టలూ అంటే ప్రాణం కాబట్టి పెకమ్‌కి తీసుకెళ్ళాలని ఉంది. కుదురుతుందా?

రెండో_జోన్:

కుదురుతుంది, కాకపోతే పెకమ్ రైలో దిగకండి. అక్కడ లిఫ్టు లేదు, మెట్లు చాలా ఉన్నాయి. ఈస్ట్ హామ్‌లోనూ వైట్‌చాపెల్‌లోనూ లిఫ్టులున్నాయి. విండ్‌రష్ బండిలో పెకమ్ రైకి ఒక్క స్టాపు ముందు క్వీన్స్ రోడ్ పెకమ్‌లో దిగండి, అక్కడ లిఫ్టు ఉంది. కింద 36 గానీ 436 గానీ ఎక్కితే పెకమ్ మీదుగా గ్యాలరీ ముందే ఆగుతాయి. బస్సు డ్రైవరును అడిగితే ర్యాంపు వేస్తాడు. ముందు గ్యాలరీ, తిరిగొచ్చేటప్పుడు రై లేన్ మొదట్లో దిగి బట్టల కొట్లు. ఆ వీధిలో శనివారం మధ్యాహ్నం ఫుట్‌పాత్ మీద కాలు పెట్టే చోటుండదు, పన్నెండు లోపు గానీ మామూలు రోజున గానీ వెళ్ళండి. బయల్దేరే ముందు యాప్‌లో లిఫ్టుల స్థితి చూడండి, చెప్పకుండా పాడైపోతుంటాయి. ఆల్డ్‌గేట్ ఈస్ట్‌లో లిఫ్టు లేదు, కాబట్టి వైట్‌చాపెల్ గ్యాలరీకి కూడా వైట్‌చాపెల్ స్టేషన్ నుంచే. అంత దూరం నడవలేకపోతే అక్కడ 115 కాదు, వైట్‌చాపెల్ రోడ్డు మీద పోయే 25 ఎక్కించండి.

తెల్ల_గది:

దానికి తోడు ఒకటి. టేట్‌కి తీసుకెళ్తే గుమ్మం దగ్గర సమాచారం డెస్క్‌లో మడత స్టూలు అడగండి, ఊరికే ఇస్తారు, చేత పట్టుకుని తిరగొచ్చు. వీల్‌చైర్ కూడా ఇస్తారు, దానికి ముందే ఫోన్ చేసి చెప్పడం మేలు. పనికి మరీ దగ్గరగా మాత్రం స్టూలు వెయ్యనివ్వరు, నేల మీద గీత ఉంటే దానికి ఇవతలే.